ముందు లెక్క రాయి, తర్వాత దరఖాస్తు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పాలకొల్లులో అందరం క్షేమం. మొన్న ఫోనులో నువ్వు అడిగింది ఒకటే ప్రశ్న, అమ్మవారి కలశం నెత్తిన ఎత్తుకొని ఆడే మన గరగల బృందానికి కేంద్రం నుంచి గ్రాంటు రావాలంటే ఎవరిని కలవాలని. ఉత్తరం రాస్తానంటే నవ్వావు. నిజానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. ఎవరినీ కలవనక్కరలేదు, ఒక్క ఆడిటరును తప్ప. ఆ మాట వెనక ఉన్నదంతా ఫోనులో చెబితే నీకు గుర్తుండదు, నాకు ఓపిక ఉండదు. కాగితం మీద ఉంటే మళ్లీ మళ్లీ చూసుకుంటావు.

మీ నాన్న గరగ ఎత్తినన్నాళ్లూ బృందం లెక్కలు నేనే చూశాను. పగలంతా సబ్ ట్రెజరీలో ప్రభుత్వ బిల్లులు, రాత్రి మీ అరుగు మీద జాతర చందాలు. అందుకే బల్లకు అవతల కూర్చున్నవాడికి మన కాగితం ఎలా కనబడుతుందో నాకు తెలుసు. నువ్వు దరఖాస్తును విన్నపం అనుకుంటున్నావు. అతని దృష్టిలో అది రేపు ఆడిట్ వచ్చినప్పుడు తాను జవాబు చెప్పుకోవలసిన కాగితం. నీ కళ గొప్పదా కాదా అన్న సంగతి నిపుణుల కమిటీ చూసుకుంటుంది. ఆ కమిటీ దాకా ఫైలు వెళ్లాలా వద్దా అన్నది మాత్రం అతని చేతిలో ఉంటుంది.

కాబట్టి దరఖాస్తు ఫారం జోలికి పోకముందే ఒక పని చెయ్యి. గ్రాంటు వచ్చింది, ఖర్చయింది, ఏడాది గడిచింది అనుకొని, అప్పుడు నువ్వు పంపవలసిన యూటిలైజేషన్ సర్టిఫికెట్‌ను తెల్లకాగితం మీద రాసి చూడు. ఇచ్చిన డబ్బు దేనికి వాడామో చెప్పే ఆ ధ్రువపత్రాన్నే అందరూ యూసీ అంటారు. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళిలో దానికి 12-ఏ అని ఒక నమూనా ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల లోపు అది వెళ్లాలి. పాత యూసీ బాకీ ఉంటే కొత్త డబ్బు మీద ఆశ వదులుకోవాలి. గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉన్నంత కాలం దాని మీద పడిన వడ్డీ కూడా మనది కాదు, తిరిగి ఖజానాకే జమ చెయ్యాలి. ఆ డబ్బుతో కొన్న మైకు సెట్టును వాళ్ల అనుమతి లేకుండా అమ్మకూడదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లు కావాలనుకుంటే నీ పుస్తకాలు తెప్పించుకొని చూడవచ్చు. ఇదంతా చదివితే నీకు భయం వేస్తుంది. వెయ్యాలి కూడా. డబ్బు ఖర్చయ్యాక వేసే భయం కన్నా ఇప్పుడు వేసే భయం చవక.

యూసీని ముందు రాసి చూస్తే బడ్జెట్ దానంతట అదే మారిపోతుంది. నీ చిత్తు కాగితం ఫోటోలో చూశాను. దుస్తులకు ఇంత, వాద్యాలకు ఇంత, రవాణాకు ఇంత, ఇతర ఖర్చులు ఇంత అని రాశావు. ఇప్పుడు ఒక్కో పద్దు పక్కన ఒకటే ప్రశ్న వేసుకో, దీనికి ఏ కాగితం వస్తుందని. కొత్త డప్పులకు చర్మం బిగించే మనిషి నీకు జీఎస్టీ బిల్లు ఎక్కడ నుంచి తెస్తాడు? గజ్జెలు కూర్చేవాడు? తెల్లవారుజామున మూడింటికి ముమ్మిడివరం నుంచి రాజోలు దాకా దింపిన వ్యాను డ్రైవరు? వీళ్లెవరికీ బిల్లు పుస్తకం ఉండదు. లేకపోయినా ఫరవాలేదు. చేతి రసీదు చెల్లుతుంది, కాకపోతే అది రసీదులా ఉండాలి. పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ పని, ఏ తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కింద సంతకం. అయిదు వేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీదుగా సంతకం. వేలిముద్ర అయితే సాక్షి సంతకం. వ్యాను అయితే బండి నంబరు. చెల్లింపు వీలైనంత వరకు బ్యాంకు ఖాతా నుంచే జరగాలి, ఫోనులో పంపినా సరే, సొసైటీ ఖాతా నుంచే పంపాలి, నీ సొంత ఖాతా నుంచి కాదు. ఈ ఒక్క విషయంలో మీ తరం మా కన్నా అదృష్టవంతులు. మేము చిల్లర నోట్లు లెక్కపెట్టి, ఎవరికి ఎంత ఇచ్చామో సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసుకునేవాళ్లం.

భోజనాల పద్దు గురించి విడిగా చెప్పాలి. జాతరలో అమ్మవారి పేరు మీద ఊరు పెట్టే భోజనం బృందం తింటుంది. దాన్ని గ్రాంటు ఖర్చులో చూపించే తెలివి ఎవరో ఒకరు నీకు నేర్పుతారు. ఆ తెలివి మనకు వద్దు. తప్పుడు ఓచరు అనే మాట అలా ఉంచు, ఊరు పెట్టిన అన్నానికి ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకున్నారన్న మాట ఒక్కసారి పడితే మరుసటి ఏడు గరగ ఆ వీధిలోకి ఏ ముఖంతో వెళుతుంది?

ఇక్కడ ఇంకో గీత కూడా గీసుకో. గుడి ముందు నుంచి బయలుదేరి ఇంటింటికీ తిరిగే గరగ ఊరిది. దాని ఖర్చు ఊరు పెట్టుకుంటుంది. గడప ముందు నీళ్లు పోసేవాళ్లు, పళ్లెంలో బియ్యం వేసేవాళ్లు దాని పోషకులు. ఆ పనిని ఏ గ్రాంటులోనూ పెట్టకు. గ్రాంటు అడగవలసింది పిల్లలకు నేర్పడానికి, గురువుకు నెలనెలా ఏదో ఒకటి ముట్టడానికి, వేదిక మీద చూపించే ప్రదర్శన తయారు చెయ్యడానికి, పాత పాటలు రికార్డు చెయ్యడానికి. ప్రభుత్వ సభల్లో మనకిచ్చే సమయం ఎనిమిది నిమిషాలు, మంత్రిగారు ఆలస్యంగా వస్తే నాలుగు. నాలుగు నిమిషాల గరగ తయారు చెయ్యి, తప్పు లేదు. పిల్లలకు మొదట నేర్పేది మాత్రం ఆ నాలుగు నిమిషాలది కాకూడదు. చాలా చోట్ల ఇప్పుడు వేదిక మీది ముక్కే మిగిలింది. దాని వెనక ఉన్న రాత్రంతా నడిచే నడక, ఆ నడకకు తగ్గ డప్పు వరసలు పోయాయి. దానికి డబ్బు లేకపోవడం కారణం అనుకుంటారు. డబ్బు ఏ ముక్కకు వచ్చిందో ఆ ముక్కనే అందరూ సాధన చెయ్యడం అసలు కారణమని నా అభిప్రాయం.

ఇక పథకాల సంగతి. కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖలో కళా సంస్కృతి వికాస్ యోజన అనే గొడుగు కింద చాలా పథకాలు ఉన్నాయి. అందులో నీకు పనికొచ్చేవి రెండు. మొదటిది పూర్వం రెపర్టరీ గ్రాంటు అనేవారే, ఇప్పుడు గురు-శిష్య పరంపర పేరుతో నడుస్తున్నది. గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా. రెండోది ఉత్సవాలకు, కొత్త ప్రదర్శనలకు ఇచ్చేది. మామూలుగా అయిదు లక్షల లోపు, ప్రత్యేక సందర్భాల్లో ఇరవై లక్షల దాకా ఇస్తారు. పత్రికల్లో ఆ ఇరవై లక్షల అంకె చూసి గుండె జల్లుమనిపించుకోకు. మనలాంటి బృందానికి వచ్చేది మొదటి అంకెలోనే, అదీ అందులో ఏదో ఒక మూల.

ఈ రెండో గ్రాంటులో రెండు ముళ్లు ఉన్నాయి. మొత్తం ఖర్చులో ముప్పాతిక వంతు వరకే వాళ్లు ఇస్తారు, పావు వంతు మనం పెట్టుకోవాలి. వాళ్లిచ్చే దానిలో కూడా ముందు ముప్పాతిక, లెక్కలు పంపాక మిగిలిన పావు. నాలుగు లక్షల పని అనుకో. మూడు లక్షలు వాళ్లవి. అందులో చేతికి ముందు వచ్చేది రెండు లక్షల పాతిక వేలు. లక్షా డెబ్బై అయిదు వేలు ఎవరో ఒకరు సర్దాలి. అందులో లక్ష మళ్లీ రాదు. మిగిలిన డెబ్బై అయిదు వేలు ఎప్పుడొస్తాయో చెప్పలేము. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చావో, ఏడాది తిరిగేసరికి ఆ డెబ్బై అయిదు వేల మీదే పద్దెనిమిది వేలు అయ్యాయి. ఆ వడ్డీ ఏ యూసీలోనూ పట్టదు. మన ప్రాంతంలో రొయ్యల చెరువులకు అప్పిచ్చే చేతులే కళాకారులకూ ఇస్తాయి, వసూలు కూడా అలాగే చేస్తాయి. కాబట్టి నా లెక్క ఇది. సొసైటీ ఖాతాలో ఇప్పుడు నిజంగా ఉన్న సొమ్ము ఎంతో చూడు. లక్ష ఉంటే రెండు లక్షలకు మించిన పని రాయకు. చిన్నది అడిగి శుభ్రంగా పూర్తి చేసినవాడికి రెండోసారి పెద్దది అడిగే హక్కు వస్తుంది.

మొదటి వాయిదా సరిగ్గా జాతరల ముందు వస్తుందని లెక్కవేసి బృందానికి మాట ఇవ్వకు. ప్రభుత్వ డబ్బు మన పంచాంగం చూడదు. మార్చి నెలాఖరున హఠాత్తుగా ఖాతాలో పడినా పడుతుంది, ఆ వారంలో నీ పిల్లలు పరీక్షల్లో ఉంటారు.

ఇంతకీ నీకు ఇష్టం లేని మాట ఒకటి చెప్పాలి. ఈ ఏడు నువ్వు ఆ గ్రాంటుకు వెయ్యలేవు. సంస్థ నమోదై కనీసం మూడేళ్లు నిండి ఉండాలి. మీది నిరుడు నమోదైంది. మీ నాన్న కాలం నుంచి ఆడుతున్నామని నువ్వు అంటావు, నిజమే, కానీ ఫైలుకు కావలసింది రిజిస్ట్రారు ముద్ర మీది తేదీ. పాత సొసైటీ ఒకటి కొనుక్కుందామని మీ బృందంలో ఎవరో అన్నారట. నిద్రపోతున్న సొసైటీలను అమ్మేవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు. ఆ సొసైటీ పాత బాకీ యూసీలు కూడా నీ మెడకు చుట్టుకుంటాయి. వద్దు. మిగిలిన ఈ కాలంలో పుస్తకాలు నిలబెట్టుకో. మూడు సంవత్సరాల ఆడిట్ లెక్కలు వరసగా ఉన్న జానపద బృందం ఎంత అరుదో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుసు.

సొసైటీ అనగానే పేర్ల సంగతి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మీ ఏడుగురి జాబితాలో నువ్వు, నీ భర్త, మరిది, ఇద్దరు బంధువులు, పంచాయతీ పెద్దలు ఇద్దరు ఉన్నారు. డప్పు కొట్టేవాళ్లు ఒక్కరూ లేరు. డప్పు లేకపోతే గరగ అడుగు ముందుకు పడదు, అయినా వాళ్ల పేర్లు కూలి పట్టీలోనే ఉంటాయి, సభ్యుల పట్టీలో ఉండవు. ఇది మన ఊళ్ల పాత రోగం, ఎందుకో నీకు నేను చెప్పనక్కరలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టి కనీసం ఇద్దరిని కార్యవర్గంలోకి తీసుకో, ఆ జాబితాను జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చెయ్యి. న్యాయం సంగతి ఒక ఎత్తు. రేపు డబ్బు పంచే వేళ గొడవ వస్తే, మినిట్స్ పుస్తకంలో వాళ్ల సంతకాలు ఉన్న సంస్థ నిలబడుతుంది, లేని సంస్థ పగిలిపోతుంది. అలా పగిలిన బృందాలను గోదావరికి రెండు వైపులా చూశాను.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో చిన్న విషయం, చిన్నదే గాని ఫైళ్లను ఎక్కువగా ఆపేది ఇదే. సొసైటీ పేరు ఇంగ్లిషు అక్షరాల్లో రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక రకంగా, పాన్ కార్డులో ఇంకో రకంగా, బ్యాంకు పుస్తకంలో మూడో రకంగా ఉంటుంది. గరగలో ఒక అక్షరం, నృత్యంలో ఒక అక్షరం. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో, కేంద్రం డబ్బు పంపే పీఎఫ్ఎంఎస్‌లో ఖాతా కలిపేటప్పుడు ఈ తేడా అడ్డం పడుతుంది. వ్యక్తుల పేర్లదీ ఇదే తంతు, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక. మన వైపు మరో తిరకాసు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ముసలివాళ్ల పాత కాగితాల మీద తూర్పు గోదావరి అని ఉంటుంది, కొత్త ధ్రువపత్రాల మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ఉంటుంది. ఢిల్లీలో కూర్చున్న గుమాస్తాకు ఇవి రెండు వేరు వేరు ఊళ్లు. తహసీల్దారు దగ్గర నివాస ధ్రువపత్రం ఒకటి తీసుకొని ఫైలు మొదట్లోనే పెట్టు.

రుజువులు దాచుకోవడం మొదలుపెట్టు. కరపత్రం, ఆహ్వానం, జిల్లా ఎడిషన్‌లో పడిన వార్త, పంచాయతీ సర్పంచి లేఖ, గుడి కమిటీ ఇచ్చిన రసీదు, అన్నీ తేదీతో సహా. ఫోటోలో మనుషులతో పాటు ఊరి పేరు, తేదీ ఉన్న బ్యానరు కూడా పడాలి. వార్త కత్తిరించినప్పుడు పత్రిక పేరు, తేదీ ఉన్న పై అంచును వదిలెయ్యకు, అది లేని కత్తిరింపు ఎందుకూ పనికిరాదు. 1996 నవంబరు తుపానుకు మీ ఇంటి పైకప్పు పోయినప్పుడు మీ నాన్న ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ ముద్ద అయ్యాయి. సన్మాన పత్రాలు పోయినందుకు ఆయన బాధపడ్డాడు, నేను రసీదు పుస్తకాల కోసం ఏడ్చాను. ఇప్పుడు ఫోనులో ఫోటో తీసి వేరే ఊళ్లో ఉన్న ఇద్దరికి పంపితే చాలు. నాకు కూడా పంపు.

దరఖాస్తులో బృందం గురించి రాసే పేజీ ఉంటుంది. అక్కడ మనవాళ్లందరూ ఒకే పాట పాడతారు, అతి ప్రాచీనమైన, అంతరించిపోతున్న, మహోన్నతమైన కళ అని. చదివేవాడు ఆ రోజు అలాంటివి ముప్పై చదివి ఉంటాడు. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాయి. గరగ అంటే ఏమిటి, నాగపడగ ఉన్న ఆ కలశం ఎంత బరువుంటుంది, చెయ్యి తాకకుండా నెత్తిన నిలపడానికి ఒక పిల్లకు ఎంత కాలం పడుతుంది, మీ దగ్గర ఇప్పుడు నేర్చుకుంటున్నది ఎంతమంది, వాళ్లలో ఆడపిల్లలు ఎందరు, ఏ ఏ ఊళ్ల జాతరలకు వెళతారు, ఏ పాటలు తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. ఈ చివరి వాక్యం ఒక్కటి నిజంగా రాస్తే పది విశేషణాలు అక్కరలేదు.

ఈలోగా ఊరికే కూర్చోనక్కరలేదు. సంస్థకు కాకుండా మనుషులకు వచ్చేవి ఉన్నాయి, వాటిని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. మీ బృందంలో డప్పు కొట్టే పెద్దాయనకు యాభై దాటాయి కదా. రాష్ట్రంలో యాభై నిండిన డప్పు కళాకారులకు విడిగా పింఛను ఉంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. గ్రామ సచివాలయంలో అడుగు, నువ్వే వెంట వెళ్లి అడుగు. కేంద్రం వైపు అరవై దాటిన కళాకారులకు నెలకు 6,000 దాకా ఇచ్చే సహాయం ఉంది, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. దానికి ఆదాయ ధ్రువపత్రం, కళలో ఇన్నేళ్లు ఉన్నాడనే రుజువులు కావాలి. ఆ రుజువులు నీ ఫైలులో ఉంటేనే ఆయనకు వస్తుంది, ఆయన దగ్గర ఎటూ ఉండవు. బృందం నడిపే మనిషి చెయ్యవలసిన మొదటి పని ఇదని నేననుకుంటాను, గ్రాంటు కన్నా ముందు.

నీ తమ్ముడి కూతురికి పదకొండో ఏడు కదా. 1979లో పెట్టిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, సీసీఆర్‌టీ అంటారు, పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉపకార వేతనం ఇస్తుంది. ఏడాదికి 3,600 రూపాయలు, గురువుకు కట్టే ఫీజు కింద 9,000 దాకా. డబ్బు తక్కువే. కానీ ఎంపికైతే డిగ్రీ దాకా కొనసాగుతుంది, అంతకన్నా ముఖ్యంగా పిల్లకు తానొక విద్య నేర్చుకుంటున్నానన్న గుర్తింపు ఉంటుంది. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వాళ్లకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే ఉపకార వేతనం మరొకటి ఉంది. మీ బృందంలో చదువు మానేసి ఫ్లెక్సీ షాపులో పని చేస్తున్న అబ్బాయి పేరు నాకు తట్టింది.

తంజావూరులో దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది. దేశంలో అలాంటివి ఏడు. మన రాష్ట్రం తంజావూరులోనే కాక నాగపూర్ కేంద్రంలో కూడా సభ్యురాలు, ఇది చాలామంది మరిచిపోతారు. రెండింటికీ బృందం వివరాలు, మంచి వీడియో ఒకటి పంపు. వాళ్లు ఉత్సవాలకు పిలుస్తారు, పారితోషికం, ప్రయాణం, బస చూస్తారు. ఇది గ్రాంటు కాదు, పనికి కూలి. కూలికి యూసీ ఉండదు, చేసిన పనికి రసీదు ఇచ్చి వచ్చెయ్యడమే. ప్రభుత్వ పథకాల ప్రచారానికి కళాబృందాలను పిలిచేది కూడా ఇలాంటిదే. 1954లో మొదలైన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్‌లో కలిసిపోయింది. దోమల మీద పాట పాడమంటే పాడు, సిగ్గుపడకు, కానీ అది అమ్మవారి గరగ నెత్తిన పెట్టుకొని పాడకు. ఇంకో మాట, ఎవరైనా నీ ప్రదర్శన బిల్లుకు జీఎస్టీ కలపాలంటే ఒప్పుకోకు. జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు ఒక్కోదానికి లక్షన్నర లోపు పారితోషికం అయితే మినహాయింపు ఉంది.

కంపెనీల సంగతి అడిగావు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. చట్టం ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ హస్తకళలు కూడా ఉన్నాయి. మన డెల్టా కింద గ్యాసు తీసే సంస్థలకు ఈ ఖర్చు ఉంటుంది, కానీ బడి గదులు, మంచినీళ్ల ప్లాంట్లు దాటి కళ దాకా వాళ్ల చూపు రావడం కష్టం. నేరుగా మన సొసైటీ తీసుకోవాలంటే ఆదాయపు పన్ను శాఖలో పన్ను మినహాయింపు నమోదులు, ఆపైన కంపెనీల నుంచి ఈ డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్-1 అనే నమోదు ఉండాలి. ఆడిటరు దగ్గరికి వెళ్లాలనడానికి ఇది కూడా ఒక కారణం. ఎప్పుడైనా డబ్బు వస్తే వేదిక వెనక బ్యానరు మీద వాళ్ల పేరు వేసుకోనివ్వు. గరగ మీద స్టిక్కరు మాత్రం అంటించనివ్వకు. అడుగుతారు, ముందే చెబుతున్నాను.

పూర్వం జమీందార్లు ఉండేవారు, ఈ కాగితాల బాధ లేదు అని మీ అత్తగారు అంటారు. నిజమే, కపిలేశ్వరపురం జమీందారీ కుటుంబం ట్రస్టు పెట్టి హరికథ పాఠశాల నడిపింది, ఎంతోమంది అక్కడ నేర్చుకొని బతికారు. కానీ జమీందారుకు హరికథ నచ్చింది, గరగ ఎత్తేవాళ్లను ఆ గుమ్మంలోకి ఎవరు పిలిచారు? ప్రభుత్వం ఎంత విసిగించినా, దాని ఫారంలో నీ కులం ఏ గుమ్మం బయట నిలబడాలో రాసి ఉండదు. అలాగని ఒక్క శాఖనే నమ్ముకోకు. 1983లో రాష్ట్రంలో కళల అకాడమీలను ఒక్కసారిగా రద్దు చేశారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చేదాకా వాటి చుట్టూ తిరిగినవాళ్లకు ఏ తలుపు తట్టాలో తెలియలేదు. శాఖలు పేర్లు మార్చుకుంటాయి, పథకాలు విలీనమవుతాయి, నేను ఇక్కడ రాసిన అంకెలు కూడా మారవచ్చు. దరఖాస్తు వేసే రోజున మంత్రిత్వ శాఖ ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా చదువు, ఎవరో వాట్సాప్‌లో పంపిన సారాంశం చాలదు.

ఇక పది శాతం ఇస్తే మంజూరు చేయిస్తామనేవాళ్లు. రాజమహేంద్రవరంలో హోటలు గదిలో కలుస్తారు, ఢిల్లీలో పెద్దలతో దిగిన ఫోటోలు చూపిస్తారు. ఆ పది శాతానికి ఓచరు ఏ పేరు మీద రాస్తావో వాళ్లనే అడుగు. దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల రుసుము, ముప్పై రోజుల్లో జవాబు. ఢిల్లీ టికెట్టు కన్నా చవక, ఆ ఫోటోల పెద్దమనిషి కన్నా నమ్మకం. మర్యాదగా, కోపం చూపించకుండా, రెండు వాక్యాల్లో అడుగు.

వచ్చే ఆదివారం నరసాపురం వైపు పని ఉందన్నావు, అటు నుంచి అటే ఇటు రా. వచ్చేటప్పుడు సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, బైలాలు, పాన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఈ ఏడు జాతర చందాల రసీదు పుస్తకాల నకళ్లు తీసుకురా. నకళ్లు ఒక్కొక్కటి చాలు, అసలువి బస్సులో తీసుకురావద్దు. ఆడిటరు గారు సోమవారం పొద్దున్నే ఖాళీగా ఉంటారట, మాట్లాడి పెట్టాను. ఆయన ఫీజు సొసైటీ ఖాతా నుంచే కట్టాలి, రసీదు అడగడం మరిచిపోకు.

ఇట్లు,
మీ మావయ్య